మామగారికి పెళ్ళి పల్లకీ

అనగనగా... అనగనగా అంటే మన ఊళ్ళో కాదర్రా, మన పక్క ఊళ్ళోనూ కాదు. సముద్రం దాటి, ఆ పైన ఇంకో సముద్రం దాటి, చీనా దేశంలో ఒక ఊళ్ళో. ఆ ఊరి పేరు మా నాన్న చెప్పాడు గానీ నాకు నోరు తిరగలేదు, వదిలేశాను. మా నాన్న రంగూన్లో వడ్రంగం చేసి వచ్చాడని చెప్పాను కదా, అక్కడ ఆయన పక్కన కూర్చుని చెక్క చెక్కిన చీనా మేస్త్రీ చెప్పిన కథ ఇది. ఆ మేస్త్రీ మా నాన్నకి చెప్పాడు, మా నాన్న నాకు చెప్పాడు, నేను మీకు చెప్తున్నాను. మధ్యలో ఎవరు ఎంత ఉప్పేశారో, ఎంత కారం వేశారో నన్నడగొద్దు. కిట్టూ, ఆ దుప్పటంతా నువ్వే లాక్కోకు, వసుధకి కూడా కాస్త వదులు. ఇద్దరూ ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ అక్కడే కూర్చుండిపోతుంది.

ఆ ఊళ్ళో చెన్ గారని ఒక పెద్దాయన ఉండేవాడు. చెన్ అన్నది ఇంటిపేరు. వాళ్ళకీ మనలాగే ఇంటిపేరే ముందు. బియ్యం వ్యాపారం చేసి పైకొచ్చాడు. దొంగొచ్చినా బెదరడు, పులొచ్చినా కర్ర పట్టుకుని ఎదురెళ్ళే రకం. కానీ దయ్యం అన్న మాట వినపడితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. ఎందుకు నవ్వుతావే వసూ, నిన్న చీకట్లో పెరట్లోకి వెళ్ళమంటే నువ్వు వెళ్ళావా? అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఆయనకి అదీ.

ఆ చెన్ గారు కొత్త ఇల్లు కట్టించాడు. ఎలాంటి ఇల్లంటారు? మీ పెద్ద తాతయ్య వాళ్ళ మండువా లోగిలి చూశారు కదా, అలాంటిదే, కాకపోతే ఇంకా పెద్దది. నాలుగు పక్కలా గదులు, నడి మధ్యన వాకిలి, వాకిలి మీద ఆకాశం. నాలుగు పక్కల చూరుల నీళ్ళూ వీధిలోకి కాదు, లోపలికే పడతాయి. వాన నీళ్ళంటే వాళ్ళకి లక్ష్మి. లక్ష్మిని ఎవడైనా వీధిలోకి పారబోసుకుంటాడా? వాకిలికి తూర్పున పెద్ద కొడుకు గదులు, పడమట చిన్న కొడుకు గదులు. ఎదురుగా పెద్ద సావిడి. ఆ సావిడిలో ఎత్తైన బల్ల మీద, పోయిన పెద్దల పేర్లు రాసిన చెక్కలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో పెద్దకి ఒక్కో చెక్క. ఆ చెక్కే వాళ్ళు కూర్చునే పీట అనుకోండి. రోజూ ధూపం వేస్తారు, పండగలకి అన్నం పెడతారు, ఇంట్లో పిల్ల పుట్టినా గేదె ఈనినా ముందు వాళ్ళకే వెళ్ళి చెప్తారు.

ఇంకో వింత చెప్పనా? అంత ఇంటికీ ఒక్క మేకు లేదు. ఒక చెక్కకి నాలుక తీస్తారు, ఇంకో చెక్కకి నోరు తీస్తారు, ఆ నోట్లో ఈ నాలుక దూరుస్తారు. అంతే, భూకంపం వచ్చినా ఊగి నిలబడుతుంది. ఈ మాట చెప్పేటప్పుడు మా నాన్న కళ్ళు మెరిసేవి. పనివాడికి పనివాడంటే ముచ్చట.

సరే, ఇల్లంతా బాగుంది. మరి దయ్యాలో? చీనా దయ్యాలకి రెండు లోపాలున్నాయిట. ఒకటి, తిన్నగా తప్ప నడవలేవు, పక్కకి తిరగడం రాదు. రెండోది, మోకాలు వంగదు. ఇది తెలిసిన చెన్ గారు ఏం చేశాడూ? వీధి గుమ్మానికి ఎదురుగా, బయట, ఇంత వెడల్పున ఒక అడ్డుగోడ కట్టించాడు. మనుషులైతే గోడ చుట్టూ తిరిగి లోపలికొస్తారు. దయ్యం తిన్నగా వచ్చి గోడకి గుద్దుకుని పోతుంది. ఒకవేళ గోడ తప్పించుకుందే అనుకోండి, గుమ్మానికి మోకాలెత్తు గడప. మోకాలు వంగనిది గడపెలా దాటుతుంది? చూరు చివరలు కూడా పైకి వంకర తిప్పించాడు, కప్పు మీంచి జారిన దయ్యం మళ్ళీ పైకే ఎగిరిపోవాలని. ఇన్నీ చేసి, సాయంత్రం పూట టీ గ్లాసు పట్టుకుని గడప లోపల కూర్చునేవాడు. బయట ఏ గాలికో గోడ దగ్గర ఠప్పుమంటే, ఒకటి గుద్దుకుందిలే అనుకుని హాయిగా ఇంకో గుక్క తాగేవాడు. ఊ కొడుతున్నారా?

ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కాంగ్, నోరు పెద్దది, గుండె చిన్నది. పెళ్ళాం పురిటికి పుట్టింటికెళ్ళింది. చిన్నవాడు తావ్, మంచివాడే కానీ అన్న గొంతు పెంచితే తను గొంతు దించేస్తాడు. ఆ చిన్నవాడి పెళ్ళామే మన పిల్ల. పేరు లియెన్. వాళ్ళ భాషలో తామర పువ్వుట. నదిలో పడవ నడుపుకునే వాళ్ళింటి పిల్ల. పడవలోనే పుట్టింది, పడవలోనే పెరిగింది, నిలకడగా ఉండే నేల మీద పడుకుంటే మొదట్లో నిద్రే పట్టలేదుట.

పడవ పిల్లని కోడలిగా తెచ్చుకోవడం అత్తగారికి ససేమిరా ఇష్టం లేదు. పైగా వచ్చిన కొత్తలో ఆ పిల్ల తెలియక గడప మీద కాలు వేసింది. గడప తొక్కితే ఇంటి పెద్ద మెడ మీద కాలు వేసినట్టేనని అక్కడివాళ్ళ నమ్మకం. అత్తగారు ఆ రోజు అన్నది, మర్నాడు అన్నది, ఏ కుండ పగిలినా అన్నది, ఏ కోడి పోయినా అన్నది. గడప తొక్కిన కాలు, గడప తొక్కిన కాలు అని.

మామగారు మాత్రం ఆ పిల్లని ఎంతో అభిమానంగా చూసేవాడు. రోజూ సాయంత్రం టీ తెచ్చిచ్చేది తనే. ఆయన టీ తాగుతూ, ఇదిగో ఈ స్తంభం ఫలానా కొండ మీది చెట్టమ్మా, ఈ దూలాన్ని ఎక్కించిన రోజు ఎర్రగుడ్డ కట్టి బాజాలు వాయించామమ్మా అని ఇల్లంతా తిప్పి చూపించేవాడు. కన్న కొడుకులే ఆవులిస్తారు ఆ మాటలకి. లియెన్ ఒక్కతే నోరు తెరుచుకుని వినేది. ఇల్లంటే నేలకి కట్టేసిన పడవలా ఉందే మామయ్యా అని ఒకసారి అంటే, ఆయన మురిసిపోయి ఊరంతా చెప్పుకున్నాడు.

అలా ఉండగా ఒక చలికాలం చెన్ గారు పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. మంచి చావే. ఏడ్చారు, మోసుకెళ్ళారు, కొండ మీద సమాధి చేశారు. ఏడో నాడు పోయినవాళ్ళు ఒకసారి ఇంటికి వస్తారని వాళ్ళ నమ్మకం. అంచేత సావిడిలో ఆయనకిష్టమైన చేప పులుసు, అన్నం, టీ పెట్టి, నేల మీద పల్చగా పిండి జల్లి, అందరూ గదుల్లోకి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. పిండి మీద అడుగులు పడితే ఆయన వచ్చినట్టు.

తెల్లారి చూస్తే ఏముంది? పిండి జల్లినట్టే ఉంది. చేప పెట్టినట్టే ఉంది. టీ పోసినట్టే ఉంది.

అత్తగారు అక్కడే కూలబడిపోయింది. ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషి ఆఖరిసారి వచ్చి చూసిపోతాడని రాత్రంతా తలుపు సందుకి చెవొగ్గి కూర్చుందా, ఆయన రానే లేదు. ఆ బాధ ఎవరి మీదో పడాలి కదా. లియెన్ మీద పడింది. వంట చేసింది ఎవరు? గడప తొక్కిన కాలు ఎవరిది? ఆ కాలు తిరిగే ఇంట్లోకి పెద్దాయన రానంటున్నాడు అని తేల్చేసింది. అవునవునన్నాడు కాంగ్. తావ్ నేల చూపులు చూశాడు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను, జాగ్రత్తగా వినండి. పోయినవాళ్ళ పేరు చెక్క మీద రాస్తారన్నాను కదా. రాసినంత మాత్రాన సరిపోదు. మంచి రోజు చూసి, ఊరి పెద్ద పంతుల్ని పిలిచి, ఆ చెక్క మీద ఎర్ర సిరాతో ఒక బొట్టు పెట్టిస్తారు. ఆ బొట్టుతో పెద్దాయన అందులో కూర్చున్నట్టు. మరి బొట్టు పెట్టే వేళకి ఆయన లోపల లేడనుకోండి? చెక్క ఖాళీ. ఆయన బయటే. ఇక ఎప్పటికీ బయటే, దిక్కులేని దయ్యాల్లో కలిసిపోయి, ఎవరింటి ముందు ఎవరేం పారేస్తారా అని చూసుకుంటూ తిరగాల్సిందే. పున్నమికి బొట్టు పెట్టాలని పంతులు ముహూర్తం చెప్పేశాడు. ఆ లోపల ఆయన రాకపోతే లియెన్‌ని పుట్టింటికి పంపేస్తానని అత్తగారు అందరి ముందూ చెప్పేసింది. పంపేయడమంటే నాలుగు రోజులు ఉండి రమ్మని కాదు తల్లీ, మళ్ళీ రావద్దని.

లియెన్‌కి ఏడుపొచ్చింది. తన గురించి కొంత, ఆయన గురించి ఎక్కువ. చలికి ముణుకులు పట్టేసే మనిషి, మధ్యాహ్నం ఎండలో కూడా శాలువా కప్పుకునే మనిషి, ఎక్కడ తిరుగుతున్నాడో అని.

అంతలో ఇంకోటి మొదలైంది. రోజూ దీపాలు పెట్టే వేళకి బయట అడ్డుగోడ దగ్గర ఠప్. కాసేపాగి మళ్ళీ ఠప్. గాలి లేదు, వాన లేదు, ఠప్. కాంగ్‌కి చెమటలు పట్టాయి. నాన్న లేడని తెలిసి దయ్యాలు మీదికొస్తున్నాయని, మేస్త్రీని పిలిచి గోడ ఇంకాస్త ఎత్తు లేపించాడు. మర్నాడు ఇంకా గట్టిగా ఠప్. గడప మీద ఇంకో దుంగ వేయించాడు. ఆ మర్నాడు ఠప్ ఠప్. ఇంట్లో అందరూ చెవుల్లో దూది పెట్టుకున్నారు.

ఆ గడప పెరిగాక చూడాలి తమాషా. గడప పెరిగింది, కోడి లోపలికి రాలేదు. కోడి రాలేదు, గుడ్డు బయట పెట్టింది. గుడ్డు బయట పెట్టింది, కుక్క తినేసింది. కుక్క తినేసింది, అత్తగారు తిట్టింది. అత్తగారు తిట్టింది, వంటమనిషి అలిగింది. వంటమనిషి అలిగింది, పొయ్యి ఆరింది. పొయ్యి ఆరింది, కాంగ్ ఆకలన్నాడు. ఆకలన్నవాడు పకోడీలు కొనుక్కొద్దామని బయల్దేరి, గడప తట్టుకుని బోర్లా పడ్డాడు. దయ్యానికని వేసిన గడప దయ్యానికి తగల్లేదు, వేసినవాడికే తగిలింది. నవ్వింది చాలు గానీ, ఊ కొట్టండి.

లియెన్ మాత్రం చెవుల్లో దూది పెట్టుకోలేదు. పడవ పిల్ల కదా, నీళ్ళ చప్పుడు, గాలి చప్పుడు, చేప తోక చప్పుడు వేరువేరుగా తెలిసిన చెవులవి. ఒక సాయంత్రం ముంగిట్లో ఆరేసిన ముల్లంగి ముక్కలు ఎత్తుకోవడానికి వెళితే మళ్ళీ ఠప్. ఆ వెనకే ఒక దగ్గు. ఆ దగ్గు వెనక ఒక గొణుగుడు. చేతిలో చేట కింద పడిపోయింది. రోజూ టీ ఇచ్చినప్పుడల్లా విన్న దగ్గు అది.

గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది. కంటికేమీ కనపడలేదు, ఒళ్ళు మాత్రం చల్లబడింది. మామయ్యా, మీరేనా అంది.

"ఇంకెవరమ్మా," అన్నాడాయన. "ఏడో నాటి నుంచి ఈ గోడకి నుదురు బాదుకుంటున్నాను. చేప పులుసు వాసన ఇక్కడిదాకా వచ్చింది, నేను అక్కడిదాకా రాలేకపోయాను."

ఏమైందో అర్థమైందా మీకు? ఆయనా ఇప్పుడు దయ్యమే కదర్రా. బతికున్నన్నాళ్ళూ దయ్యాలు రాకూడదని గోడ కట్టాడు, గడప కట్టాడు, చూరు వంకర తిప్పాడు. ఏదో ఒక రోజు తనూ అటువైపు వాడే అవుతానని మాత్రం తోచలేదు. కొత్త ఇల్లు కదా, ఆ ఇంట్లో ముందుగా పోయింది ఆయనే, అందుకని ఈ చిక్కు ఎవరికీ తెలియలేదు. పాతవాళ్ళ చెక్కల్ని పాత ఇంటి నుంచి కొడుకులు చేతుల్లో పట్టుకుని తెచ్చారు.

లియెన్ దారి చెప్పబోయింది. కాస్త ఎడమకి తిరగండి మామయ్యా, గోడ అయిపోతుంది అంది. ఆయన నిట్టూర్చాడు. "ఎడమకి ఎలా తిరగనమ్మా? చచ్చినవాడికి ముందుంది, వెనకుంది, పక్కనేది లేదు. ఆ వెనక్కి కూడా వెనక్కే నడవాలి గానీ తిరగడం లేదు." అని, పైగా గోడ మీద కొత్తగా వేసిన ఇటుకలు ఎవరు వేశారో గానీ వంకరగా వేశారని విసుక్కున్నాడు. పోయినా ఆ బుద్ధి పోలేదు చూశారా.

లియెన్ లోపలికి పరిగెత్తి చెప్పింది. తావ్ వెంటనే నమ్మాడు. కాంగ్ ఎగిరిపడ్డాడు. గోడ పడగొట్టించండి బావగారూ అంటే, పడగొడితే నాన్నొక్కడే వస్తాడా, ఊళ్ళో దయ్యాలన్నీ వస్తాయి, అయినా అది నాన్న గొంతని ఏమిటి నమ్మకం, దయ్యాలు ఎన్ని గొంతులైనా పెడతాయి అన్నాడు. పెద్దనోరు వాడే గానీ, ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అత్తగారు మాత్రం చెవిలో దూది సర్దుకుంది.

పున్నమి దగ్గరపడింది. లియెన్ గడప లోపల మామగారు కూర్చునే చోట కూర్చుని ఆలోచించింది. ఏంటి వసూ? ఆయన అసలు బయటికెలా వెళ్ళాడంటావా? సెభాష్, నా మనవరాలివి అనిపించావు. సరిగ్గా ఆ ప్రశ్నే లియెన్‌కీ వచ్చింది. తిన్నగా తప్ప నడవలేని మనిషి ఆ గోడ ఎలా దాటాడు? మోసుకెళ్ళారు. పదిమంది భుజాల మీద పెట్టుకుని గడప దాటించి, గోడ చుట్టూ తిప్పి మోసుకెళ్ళారు. అది తోచగానే ఇంకోటి తోచింది. మరి నేనెలా వచ్చాను ఈ ఇంట్లోకి? ముఖం మీద ఎర్రగుడ్డ కప్పారు, పల్లకీలో కూర్చోబెట్టారు. ముందేముందో వెనకేముందో కనపడలేదు. గోడ చుట్టూ వాళ్ళే తిప్పారు, గడప వాళ్ళే దాటించారు. నన్ను వీధిలో దింపి నువ్వే రా అని ఉంటే నేను మాత్రం ఆ గోడకి గుద్దుకోనా? ఈ ఇంట్లోకి దారి తెలిసి ఎవరొచ్చారు గనక? తెచ్చుకుంటే వచ్చినవాళ్ళమే అందరమూ.

ఇక ఆ పిల్లకి ఏడుపూ లేదు, భయమూ లేదు. లేచి కొంగు బిగించింది. తిన్నగా అత్తగారి దగ్గరికెళ్ళి, ఆవిడ చెవిలో దూది తనే తీసి, మామయ్యని పల్లకీలో తీసుకొస్తానత్తయ్యా అని చెప్పింది. అత్తగారు దాని ముఖంలోకి చూసి, సరే తీసుకురా, నువ్వు తెచ్చింది ఆయన్ని కాకపోతే మాత్రం ఆ పల్లకీలోనే నిన్ను మీ పుట్టింటికి పంపిస్తాను అంది. అలాగే అత్తయ్యా అంది లియెన్.

పెళ్ళి పల్లకీలు అద్దెకిచ్చే కొట్టుకి వెళ్ళారు మొగుడూ పెళ్ళాలు. ఎర్ర పట్టు తెరలు, బంగారు పూలు. కొట్టువాడు సంతోషంగా పెళ్ళికూతురెవరమ్మా అనడిగాడు. మా మామగారు అంది లియెన్. వాడు తావ్ వంక చూశాడు. తావ్ అవునన్నట్టు తలాడించాడు. వాడు గబగబా పల్లకీ తెచ్చి పెట్టాడు. పల్లకీకి వెనక చెక్క కూడా తీసేయించి అక్కడా తెర కట్టించింది లియెన్. ఎందుకో చెప్పండి? ముందు నుంచి ఎక్కిన మనిషి వెనక నుంచే దిగాలి, లోపల తిరగలేడు కదా. అంత దూరం ఆలోచించింది. ఇంకా, ఇంటి ముందు బల్ల వేసి, గిన్నెల నిండా వేడన్నం వడ్డించి పెట్టింది. అది ఎందుకో కాసేపట్లో చెప్తాను.

పున్నమికి ముందు రోజు, దీపాలు పెట్టే వేళ. ముందు బొంగు తావ్ పట్టుకున్నాడు. వెనక బొంగు కాంగ్ పట్టుకోవాలి, పెద్దకొడుకు కదా, తప్పదు. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని పట్టుకున్నాడు. గోడకి అవతల, వీధిలోకి ముఖం పెట్టి పల్లకీ దింపారు. లియెన్ తెర పక్కకి తీసి, మామయ్యా రండి అని పిలిచింది.

పిలిచిందో లేదో, ఎన్ని చల్లగాలులో. ఎక్కడెక్కడి దిక్కులేని దయ్యాలూ విన్నాయి, పల్లకీ లోపలికెళ్తోందని. తోపులాట. నేనే నీ మామనంటే నేనే నీ మామనని గోల. అన్నీ అదే దగ్గు దగ్గుతున్నాయి. కాంగ్ చెప్పిన మాట నిజమే అయ్యింది. ఎవర్ని ఎక్కించాలి? తప్పు మనిషి ఎక్కితే బొట్టు పరాయి దయ్యానికి పడుతుంది, లియెన్ అదే పల్లకీలో పుట్టింటికి పోతుంది.

లియెన్ గొంతు పెంచి, ఏమీ తెలియనట్టు, ఇలా అడిగింది. "మామయ్యా, సావిడి దూలానికి కొట్టిన మేకులు తుప్పు పట్టాయి. మార్పించమంటారా?"

మార్పించు తల్లీ అంది ఒక దయ్యం. తుప్పు మంచిది కాదమ్మా అంది ఇంకోటి. ఇత్తడి మేకులు వేయించు, కలకాలం ఉంటాయి అంది ఒకటి. రాగివి మేలని మరోటి.

అందరికంటే వెనక నుంచి ఒక్క అరుపు వినపడింది. "నా దూలానికి మేకు కొట్టిన చవట ఎవడే? నా ఇంట్లో మేకా? వాడి చెయ్యి విరగ్గొట్టండి. ఆ కాంగ్‌గాడేనా?"

కళ్ళు మూసుకున్న కాంగ్ కళ్ళు తెరిచి, నేను కాదు నాన్నా అనేశాడు. అంత తిట్టు తిట్టేది లోకంలో వాళ్ళ నాన్న ఒక్కడే మరి. లియెన్ నవ్వుతూ, మేకూ లేదు ఏమీ లేదు, మీరు రండి మామయ్యా అంది. మిగతా దయ్యాలు సిగ్గుపడి పక్కకి... పక్కకి తప్పుకోలేవు కదా, వెనక్కి వెనక్కి నడిచి దారిచ్చాయి. లియెన్ వాటి వైపు తిరిగి చెప్పింది. మీకు మా ఇంట్లో చోటు లేదు గానీ అన్నం ఉంది, తిని వెళ్ళండి, మీ వాళ్ళు కూడా ఎక్కడో ఒక గోడ కట్టి తెలియక కూర్చునుంటారు, ఏదో ఒక రోజు మీకూ పల్లకీ వస్తుంది అని. అదీ ఆ గిన్నెల సంగతి. అందర్నీ ఇంట్లో పెట్టుకోలేం, నిజమే. గుమ్మంలోకొచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో పంపక్కర్లేదు కదా.

చెన్ గారు తిన్నగా నడుచుకుంటూ వచ్చి పల్లకీ ఎక్కాడు. మోకాలు వంగదు, కూర్చోలేడు, ఎర్ర పట్టు తెరల మధ్య నిలువునా నిలబడ్డాడు. ఎత్తేసరికి పల్లకీ ఒక్కసారిగా బరువెక్కి, బొంగు కాంగ్ భుజాన్ని నొక్కేసింది. గోడ చుట్టూ తిప్పారు. ఇటుకల వంకర గురించి లోపల నుంచి గొణుగుడు. గడప దాటించారు. అదనంగా వేసిన దుంగ గురించి ఇంకో గొణుగుడు. వాకిలి దాటి సావిడిలోకి తెచ్చి, పల్లకీ వీపు పెద్దల బల్లకేసి ఉండేలా దింపి, వెనక తెర ఎత్తి పట్టుకున్నారు.

అత్తగారు తనే వచ్చి నేల మీద మళ్ళీ పిండి జల్లింది. అందరూ పిండి వైపే చూస్తున్నారు. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత పిండి మీద ఒక అడుగు పడింది. ఇంకో అడుగు పడింది. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ, తిన్నగా, బల్ల దాకా అడుగులే అడుగులు. పల్లకీ దగ్గరున్న కొడుకులకి ఆ నడక తెలిసిందో లేదో గానీ, అత్తగారికి తెలిసింది. పెళ్ళైన ఏడాది ఎడ్లబండి మీంచి పడి విరిగిన కాలది. తనే పసరు కట్టింది. ఆవిడ ఆ అడుగుల పక్కనే కూర్చుని, ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది. రాలేదనుకున్నాను, నా మీద కోపమొచ్చి రాలేదనుకున్నాను అని. చూశారా, కోడలి మీద పడ్డ కోపమంతా లోపల ఆ భయం. లియెన్ ఎప్పటిలాగే వేడి టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. గ్లాసులో టీ నెమ్మదిగా తగ్గింది.

మర్నాడు పున్నమి. పంతులు వచ్చాడు, ఎర్ర సిరా తెచ్చాడు, చెక్క మీద బొట్టు పెట్టాడు. చెన్ గారు తన ఇంట్లో తన సావిడిలో తన వాళ్ళ పక్కన కూర్చున్నాడు. కాంగ్ గడప మీది దుంగ తనే తీయించాడు, కోడి లోపలికొచ్చింది, గుడ్డు లోపల పెట్టింది, వంటమనిషి అలక తీరింది. ఇక అందరూ సుఖంగా ఉన్నారు.

ఊరంతా భోంచేసి వెళ్ళాక పల్లకీ కొట్టువాడు పల్లకీ కోసం వచ్చాడు. తావ్ తీసిచ్చేయబోతే అత్తగారు ఆగమంది. వాకిట్లో గిన్నెలు కడుగుతున్న లియెన్ దగ్గరికెళ్ళి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఏ రోజూ అలా కూర్చున్న మనిషి కాదు. లియెన్ భయపడి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మాయ్," అంది. "నాకూ వయసైపోయింది. నేను పోయాక ఆ గోడకి అవతల నిలబడతాను. కాంగ్‌కి భయం, తావ్‌కి మొహమాటం. నువ్వే రావాలి నాకోసం. నీ గొంతు వినపడితేనే పల్లకీ ఎక్కుతాను, ఇంకెవరు పిలిచినా ఎక్కను."

లియెన్ తడి చేతులతోనే అత్తగారి చేతులు రెండూ పట్టుకుని, వస్తానత్తయ్యా అంది. అప్పుడు అత్తగారు పల్లకీని ఖాళీగానే కొట్టువాడికి ఇచ్చి పంపించింది.

అదర్రా కథ. పెద్దయ్యాక మీరూ ఇళ్ళు కడతారు. కట్టేటప్పుడు ఎవరు రాకూడదా అని ఒక్కటే ఆలోచించకండి, ఎవరు రావాలా అని కూడా ఆలోచించండి. రాలేనివాళ్ళుంటే మీరే వెళ్ళి తెచ్చుకోండి. కిట్టూ... ఓరి వీడు ఎప్పుడో పడుకున్నాడు. నువ్వూ కళ్ళు మూసుకో వసూ. కథ పల్లకీ ఎక్కి కంచికెళ్ళిపోయింది, మనం పక్క మీదే ఉన్నాం, ఇక నిద్రలోకి నడుద్దాం.